దుప్పటి లాగాలా, నవారు బిగించాలా? ఫేస్‌లిఫ్ట్ పద్ధతుల్లో ఏది ఎవరికి

పైడితల్లి సిరిమానోత్సవం అంటే విజయనగరంలో ప్రతి ఇల్లూ సత్రమే. దసరా వెళ్లిన మంగళవారం మా డాబా కూడా చుట్టాలతో నిండిపోయింది. సిరిమాను కదిలే వేళ దాకా కాలక్షేపం కావాలి కదా, మా తోటికోడలు ఫోన్ తీసి, జారిన మొహాన్ని బిగించే ఫేస్‌లిఫ్ట్‌ల ప్రకటన ఒకటి చూపించింది. అందులో నాలుగు పేర్లు: థ్రెడ్ లిఫ్ట్, మినీ లిఫ్ట్, స్మాస్ లిఫ్ట్, డీప్ ప్లేన్ లిఫ్ట్. “అక్కా, నువ్వు థియేటర్‌లో అన్నేళ్లు చేశావు కదా. ఇందులో ఏది తీసుకోమంటావు?” అంది, చీరల కొట్లో రకాలు అడిగినట్టు.

నేను విశాఖలో ప్లాస్టిక్ సర్జరీ థియేటర్‌లో స్టాఫ్ నర్సుగా ఇరవై రెండేళ్లు చేశాను. కత్తి పట్టలేదు, పట్టినవాళ్ల పక్కన నిలబడ్డాను. ఆ గోలలో తనకి సరిగ్గా చెప్పలేకపోయాను కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. ముందే ఒక మాట. ఆ నాలుగు పేర్లలోంచి ఒకటి ఏరుకోవడం మన పని కాదు. మన మొహంలో ఏ పొర జారింది, ఎటు జారింది అన్నది ముందు తేలాలి. అది తేలితే పద్ధతి సగం దానంతట అదే తేలిపోతుంది.

మొహాన్ని పాత నవారు మంచం అనుకోండి. పైన దుప్పటి, అది చర్మం. కింద బొంత, అది కొవ్వు. దాని కింద నవారు. ఈ నవారుని డాక్టర్లు ఎస్‌మాస్ అంటారు. ప్రకటనలో స్మాస్ అని రాసింది దీన్నే. కండ, పీచు కలిసిన పల్చటి పొర అది. పైన కణత వైపు, కింద మెడలోని ప్లాటిస్మా అనే పల్చటి కండ వైపు ఒకే గుడ్డలా సాగుతుంది. దాని కింద నవ్వించే, కన్ను మూయించే నరాల కొమ్మలు ఉంటాయి. అన్నిటికంటే కింద పట్టెలు, కోళ్లు, అంటే ఎముక. ఇంకో సంగతి ఉంది. బొంత జారకుండా అక్కడక్కడా పట్టెకి దారాలతో కట్టి ఉంచినట్టు, చర్మాన్ని ఎముకకీ లోపలి పొరలకీ పట్టి ఉంచే గట్టి బంధాలు చెంప ఎముక మీద, దవడ కండ మీద, గడ్డం పక్కన ఉంటాయి. వీటిని లిగమెంట్లు అంటారు.

వయసు మీద పడితే మంచం మధ్యలో కుంగుతుంది. నవారు సాగుతుంది, బొంత ఒక పక్కకి జారుతుంది. దారాలు కట్టిన చోట ఆగి, వాటి మధ్య ఖాళీల్లో ఉబ్బుతుంది. దవడ అంచున గడ్డానికి రెండు పక్కలా వేలాడే చిన్న సంచులు సరిగ్గా ఇలా వచ్చినవే. పైగా బొంతలో దూది కూడా తగ్గుతుంది, పట్టె కూడా కాస్త అరుగుతుంది. అందుకే అరవైల్లో మొహం జారడమే కాదు, లోపలికి పీక్కుపోతుంది కూడా.

ఇప్పుడు పద్ధతులు ఒక్కొక్కటీ.

దుప్పటి మాత్రం లాగడం

ఫేస్‌లిఫ్ట్ పుట్టింది ఇలాగే. 1901 ప్రాంతంలో బెర్లిన్‌లో హోలెండర్ అనే సర్జన్ ఒకావిడకి చెవి పక్కన చర్మం కొంచెం కోసి బిగించి కుట్టాడు. ఆ తర్వాత డెబ్బై ఏళ్ల దాకా ప్రపంచమంతా ఎక్కువగా అదే చేసింది: చర్మం లేపు, వెనక్కి లాగు, మిగిలింది కత్తిరించు, కుట్టెయ్. ఈ రోజుకీ కొందరు మినీ లిఫ్ట్ పేరుతో చేసేది ఇదే.

ఇబ్బంది ఏమిటంటే చర్మానికి సాగే గుణం ఉంది. బరువంతా దాని మీద వేస్తే ఏడాది తిరక్కుండానే మళ్లీ సాగుతుంది. సాగకుండా గట్టిగా లాగితే, భోగాపురం హైవే మీద హెల్మెట్ లేకుండా బండి తోలుతున్నవాడి మొహంలా చెంపలు వెనక్కి పోతాయి. ఆ లాగుడంతా కుట్ల మీద పడి మచ్చ వెడల్పవుతుంది, చెవి తమ్మె కిందికి సాగిపోతుంది. తమ్మె కింద ఉండాల్సిన చిన్న వంపు మాయమై చెవి నేరుగా చెంపకి అతుక్కున్నట్టు కనిపిస్తే చాలు, ఆవిడ ఏం చేయించుకుందో తెలిసినవాళ్లకి తెలిసిపోతుంది.

మరి ఎవరికీ పనికిరాదా? సన్నగా ఉండి, లోపలి పొర గట్టిగానే ఉండి, చెవి ముందు కాస్త చర్మం మాత్రం వదులైనవాళ్లకి పనికొస్తుంది. ఒకసారి లోతైన లిఫ్ట్ అయ్యాక కొన్నేళ్లకి చిన్న సవరణగానూ చేస్తారు. మొదటిసారి వెళ్లేవాళ్లకి, దవడ దగ్గర సంచి ఉన్నవాళ్లకి ఇది డబ్బు దండగ అని నా అభిప్రాయం.

నవారు బిగించడం: ఎస్‌మాస్ పద్ధతులు

1970ల్లో కథ మారింది. స్వీడన్‌లో స్కూగ్ అనే సర్జన్ చర్మాన్ని విడిగా ఒలవకుండా కింద పొరతో కలిపి లేపి చూపించాడు. 1976లో ఫ్రాన్స్‌లో మిట్జ్, పెరోనీ అనే ఇద్దరు ఆ పొరని కోసి, గీసి, దానికి పేరు పెట్టారు. ఎస్‌మాస్ అన్న మాట అప్పటిదే. అక్కడి నుంచి బరువు మోసే పని చర్మానిది కాకుండా ఈ పొరది అయ్యింది. పై చర్మాన్ని లాగుడు లేకుండా ఊరికే పరిచి కుట్టొచ్చు. మచ్చ సన్నగా మానుతుంది.

ఎస్‌మాస్ అన్న ఒక్క పేరు కింద కనీసం మూడు వేరువేరు పనులు ఉన్నాయి. డాక్టర్ “ఎస్‌మాస్ చేస్తాం” అంటే తల ఊపి వచ్చేయకండి.

ఒకటి, మడత పెట్టి కుట్టడం. జాకెట్టు వదులైతే కోయకుండా లోపలికి మడిచి కుట్టు వేస్తారే, అలాగ. పొరని కోయరు కాబట్టి కింద నరాలకి భయం తక్కువ. మడత పడిన చోట కాస్త ఎత్తు వస్తుంది. పీక్కుపోయిన చెంప ఉన్నవాళ్లకి అది లాభమే.

రెండోది, సాగిన పొరలో వాలుగా ఒక పట్టీ కోసి తీసేసి అంచులు కలిపి కుట్టడం. ఎస్‌మాసెక్టమీ అంటారు. దీన్ని 1990ల్లో ప్రచారంలోకి తెచ్చింది న్యూయార్క్ సర్జన్ డేనియల్ బేకర్. చెంపలు నిండుగా, బరువుగా, మొహం వెడల్పుగా ఉన్నవాళ్లకి ఇది నప్పుతుంది, ఎందుకంటే లోపల కొంత పదార్థం తగ్గుతుంది. ఇదే పని బక్క మొహానికి చేస్తే ఉన్న కాస్తా పోతుంది. రెండు చెంపలూ ఒకేలా ఉండవు కాబట్టి తెలిసినవాళ్లు ఒక పక్క మడిచి, రెండో పక్క కోసి కూడా చేస్తారు. అలా చేయడం నా కళ్లతో చూశాను. నిజం చెప్పాలంటే నాకు నచ్చిన పనితనం అదే. మనిషిని చూసి చేస్తున్నారన్నమాట, పేరు చూసి కాదు.

మూడోది, పొరని చెవి ముందు నుంచి విడదీసి ఒక రెక్కలా లేపి, పైకి తిప్పి కుట్టడం. దవడ గీత, మెడ రెండూ దీంతో బాగా కుదురుతాయి. కష్టం, సమయం రెండూ ఎక్కువ.

ఇవి కాక చిన్న గాటు చాలనుకునేవాళ్ల కోసం మ్యాక్స్ లిఫ్ట్ అనే పద్ధతి ఉంది. 2002లో బెల్జియం సర్జన్లు టొనార్డ్, వెర్పేల్ చెప్పింది. చెవి వెనక గాటే ఉండదు. కణత దగ్గర, చెవి ముందు మాత్రం కోసి, ఎస్‌మాస్‌లో సంచి మూతి తాడులా గుండ్రంగా కుట్లు వేసి, వాటిని కణత దగ్గర గట్టి పొరకి కట్టేస్తారు. లాగుడు వెనక్కి కాదు, నిలువుగా పైకి. మొహం జారింది కిందికి కాబట్టి పైకి లేపడమే న్యాయం. నలభై అయిదు, యాభై ఏళ్ల వాళ్లకి, మెడ ఇంకా బాగున్నవాళ్లకి మంచి ఎంపిక. మెడ మీద చర్మం బాగా వదులైపోయినవాళ్లకి సరిపోదు. వెనక గాటు లేకపోతే ఆ చర్మం ఎక్కడికి పోతుంది?

దారాలు విప్పి మొత్తం జరపడం: డీప్ ప్లేన్

ఇప్పుడు అందరి నోటా ఉన్నది ఇదే కాబట్టి కొంచెం నిలబడి చూద్దాం.

ఎస్‌మాస్ చెవి దగ్గర, లాలాజల గ్రంథి మీద మందంగా ఉంటుంది. ముక్కు వైపు వెళ్లేకొద్దీ పల్చబడుతుంది. చెవి దగ్గర పట్టుకుని ఎంత లాగినా ఆ లాగుడు చెంప ఎముక మీది లిగమెంట్ల దగ్గర ఆగిపోతుంది. బొంతని పట్టెకి కట్టిన దారం విప్పకుండా కొస పట్టి లాగితే ఏమవుతుంది? దారం దాకా బిగుస్తుంది, దారం అవతల కుంగింది కుంగినట్టే ఉంటుంది. 1990లో అమెరికా సర్జన్ శామ్ హామ్రా డీప్ ప్లేన్ పేరుతో దీనికి జవాబు చెప్పాడు. చెవి దగ్గర చర్మాన్ని కొంత దూరమే విడదీసి, కంటి చివర నుంచి దవడ మూల దాకా గీసిన ఊహా రేఖ దగ్గర ఎస్‌మాస్ కిందికి దిగి, లిగమెంట్లు విప్పి, చర్మం, కొవ్వు, ఎస్‌మాస్ మూడింటినీ విడదీయకుండా ఒకే మందపాటి రెక్కగా పైకి జరపడం దీని కీలకం. రెండేళ్ల తర్వాత కంటి చుట్టూ ఉన్న కండని కూడా కలిపి కాంపోజిట్ అన్నాడు.

ముక్కు పక్క నుంచి పెదవి మూల దాకా దిగే గీత లోతుగా ఉండి, చెంప మధ్య భాగమే జారిపోయినవాళ్లకి దీనికి మిగతావాటికి లేని పట్టు ఉంది. రెక్క మందంగా ఉంటుంది కాబట్టి రక్తప్రసారం కూడా మెరుగు. నరాల కొమ్మలు మాత్రం కత్తికి దగ్గరవుతాయి. అనుభవం ఉన్న చేతిలో శాశ్వతంగా నరం దెబ్బతినడం నూటికి ఒకరి కంటే తక్కువే. అయినా కొన్ని వారాలు నవ్వు ఒక పక్కకి పోవడం, కింది పెదవి సరిగ్గా కదలకపోవడం జరగొచ్చు. చాలావరకు దానంతట అదే తిరిగొస్తుంది. వాపు ఎక్కువ రోజులుంటుంది.

డీప్ ప్లేన్ అంటే పైమెట్టు, మిగతావి కిందిమెట్లు అన్నట్టు అమ్ముతున్నారు. అది నాకు నచ్చదు. 1996లో అమెరికాలో ఇరవై ఒక్కమందికి ఒక చెంపకి మామూలు ఎస్‌మాస్ పద్ధతి, రెండో చెంపకి లోతైన పద్ధతి చేసి పోల్చారు. ఏడాది తర్వాత రెండు చెంపలకీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఇంకో ముచ్చటైన పోలిక ఉంది. అచ్చుగుద్దినట్టుండే కవలల జతలు రెండు, అంటే నలుగురు. నలుగురికీ నలుగురు పేరున్న సర్జన్లు ఎవరి పద్ధతిలో వాళ్లు చేశారు. పైన చెప్పిన బేకర్, హామ్రా అందులో ఉన్నారు. పదేళ్ల దాకా ఫొటోలు తీసి 2009లో ప్రచురించారు. నాలుగు పద్ధతులూ నిలబడ్డాయి, ఏ ఒక్కటీ మిగతావాటిని చిత్తు చేయలేదు. అంతమాత్రాన రెండూ ఒకటే అనీ అనను. చెంప మధ్యభాగం బరువుగా జారినవాళ్లకి డీప్ ప్లేన్ తెలిసిన సర్జన్ దొరికితే అదే చేయించుకోమంటాను. మన సర్జన్ వారం వారం చేసేది ఎస్‌మాస్ అయితే, మన మాట మీద కొత్త పద్ధతి చేయమని బలవంతం చేయొద్దంటాను. చేయి తిరిగిన పద్ధతికే మన మొహం అప్పగించాలి.

ఎముక మీది పొరని కూడా లేపే సబ్‌పెరియోస్టియల్ పద్ధతి ఒకటుంది. చెంప మధ్యభాగానికి, కణతలకి కెమెరా గొట్టంతో చేస్తారు. వాపు నెలల తరబడి ఉంటుంది. మన దగ్గర అడిగేవాళ్లు అరుదు, వదిలేద్దాం.

దారాలు, కొవ్వు, మెడ

థ్రెడ్ లిఫ్ట్ గురించి ఒక్క పేరా చాలు. ముళ్లున్న దారాలు చర్మం కింద దూర్చి లాగుతారు. ఎక్కువగా వాడే పీడీవో దారం సుమారు ఆరు నెలల్లో కరిగిపోతుంది, లాగిన ప్రభావం ఏడాది నిలిస్తే గొప్ప. కోత లేదు, గంటలో పని, మర్నాడు ఆఫీసు. కానీ జారిన బరువుని దారం ఎత్తలేదు. ఒకావిడ వేరే చోట వేయించుకుని చెంప మీద రెండు గుంటలతో మా దగ్గరికి వచ్చింది. నవ్వినప్పుడల్లా ఆ గుంటలు లోతయ్యేవి. దారం ఒక పక్క తీసేయాల్సి వచ్చింది. ముప్పై తొమ్మిదేళ్లకి కాస్త తేడా కోసం సరదాగా అయితే సరే, యాభై అయిదుకి లిఫ్ట్ బదులుగా మాత్రం కాదు.

బొంతలో దూది తగ్గినవాళ్లకి ఎంత లాగినా యవ్వనం రాదు, పీక్కుపోయిన మొహం ఇంకా బిగుతుగా పీక్కుపోతుంది. వాళ్లకి పొట్టలోంచి కొవ్వు తీసి శుభ్రం చేసి చెంపలో, కణతలో, కంటి కింద కొంచెం కొంచెంగా నింపుతారు. నింపినదంతా నిలవదు, కొంత భాగం మొదటి నెలల్లోనే కరిగిపోతుంది. మిగిలింది మనదే. ఇప్పుడు లిఫ్ట్‌తో పాటే చాలామంది ఇది కలిపి చేస్తున్నారు. సన్నని మొహాలకి లిఫ్ట్ కంటే ఇదే పెద్ద మార్పు తెస్తుంది అనిపించింది నాకు.

మెడ వేరే లెక్క. గడ్డం కింద నిలువుగా రెండు తాళ్లలా కనిపించేవి ప్లాటిస్మా అంచులు. గడ్డం కింద చిన్న గాటు పెట్టి, ఆ రెండంచులూ మధ్యలో కలిపి కుట్టి, అవసరమైతే కింద కొవ్వు తీస్తారు. మొహం బాగుండి మెడ ఒక్కటే పాడైనవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లకి పూర్తి ఫేస్‌లిఫ్ట్ అక్కర్లేదు.

ఏ లిఫ్టూ చేయలేని పనులు కూడా తెలుసుకోవాలి. నుదుటి గీతలు, కంటి పై రెప్ప బరువు, పెదవి పైన సన్న గీతలు, మంగు మచ్చలు, ఇవేవీ ఫేస్‌లిఫ్ట్‌తో పోవు. ఎండలో తిరిగిన మన మొహాలకి ముడతల కంటే మంగే ఎక్కువ వయసు తెస్తుంది. ఒక్కోసారి చర్మం డాక్టర్ రాసే క్రీము, గొడుగు, సన్‌స్క్రీన్ ఏడాది వాడితే ఆపరేషన్ ఆలోచనే పోతుంది.

మనవైపు వాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి

పొగ. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. శ్రీకాకుళం తీరంలో పెద్దవయసు ఆడవాళ్లు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగడం ఇంకా చూస్తున్నాం. వాళ్ల కోడళ్లు, కూతుళ్లు చుట్ట మానేసినా కొందరికి ఖైనీ, గుట్కా ఉంది. అడిగితే “నాకు సిగరెట్ అలవాటు లేదండి” అంటారు, అబద్ధం కాదు కూడా! నికోటిన్ ఏ రూపంలో వెళ్లినా చర్మంలోని సన్న రక్తనాళాల్ని ముడుచుకుపోయేలా చేస్తుంది. లేపిన చర్మానికి చివరి అంచు చెవి వెనక ఉంటుంది, రక్తం అక్కడికి కష్టపడి చేరాలి. అది చేరకపోతే ఆ చర్మం నల్లబడి చచ్చిపోతుంది. ఆపరేషన్‌కి ముందు నాలుగు వారాలు, తర్వాత నాలుగు వారాలు పూర్తిగా మానాలి. నికోటిన్ చూయింగ్ గమ్ కూడా లెక్కే. మానలేనివాళ్లని సర్జన్ తిప్పి పంపితే ఆయన మీద కోపం వద్దు. చర్మాన్ని ఎక్కువ దూరం విడదీసే పద్ధతులు పొగ తాగేవాళ్లకి మరీ ప్రమాదం.

బీపీ. ఫేస్‌లిఫ్ట్‌లో ఎక్కువగా వచ్చే తంటా లోపల రక్తం గూడు కట్టడం, హెమటోమా. నూటికి రెండు మూడు కేసుల్లో వస్తుంది. మగవాళ్లలో, బీపీ అదుపులో లేనివాళ్లలో ఇంకా ఎక్కువ. వస్తే చాలావరకు మొదటి ఇరవై నాలుగు గంటల్లోనే వస్తుంది. ఒక పక్క మాత్రమే నొప్పి, బిగుతు, ఉబ్బు వస్తే అది అర్జెంటు, వెంటనే థియేటర్‌కి వెళ్లాలి. అందుకే మనవాళ్లకి దూరం అసలు సమస్య. శ్రీకాకుళం నుంచి విశాఖ వంద కిలోమీటర్ల పైనే, ఇచ్ఛాపురం నుంచి రెండు వందల పైనే. పొద్దున ఆపరేషన్, సాయంత్రం కారెక్కి ఇంటికి అంటే కుదరదు. డాక్టర్ ఒక్క రాత్రి చాలన్నా కనీసం మూడు రాత్రులు విశాఖలో చుట్టాలింట్లోనో లాడ్జిలోనో ఉండండి. చెవి ముందు కుట్లు అయిదారు రోజులకి, వెనకవి పది, పద్నాలుగు రోజులకి తీస్తారు. ఆ ప్రయాణాలు కూడా లెక్క వేసుకోండి.

ఎకోస్ప్రిన్‌లాంటి రక్తం పలచన చేసే మాత్రలు వాడేవాళ్లు ముందే చెప్పాలి. ఆపాలా వద్దా అన్నది సర్జన్, గుండె డాక్టర్ కలిసి తేల్చాలి, మనం ఇంట్లో కాదు. స్టెంట్ ఉన్నవాళ్లు సొంతంగా ఆపితే మొహం కాదు, ప్రాణం మీదికొస్తుంది. చేప నూనె గుళికలు, మోకాళ్ల నొప్పికి వేసుకునే మాత్రలు కూడా చెప్పాల్సిన జాబితాలోవే.

ఉద్దానం వైపు వాళ్లు, అంటే కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు చుట్టుపక్కల వాళ్లు, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష చేయించుకోకుండా అడుగు ముందుకెయ్యొద్దు. అక్కడి కిడ్నీ జబ్బు చాలామందిలో కాళ్ల వాపు కూడా లేకుండా నిశ్శబ్దంగా పెరుగుతుంది. ఆపరేషన్ తర్వాత ఊరికే రాసే నొప్పి మాత్రలు కొన్ని ఆ కిడ్నీకి విషమే. అందం కోసం చేసే పని, ఆగితే పోయేదేమీ లేదు.

ఇక మచ్చలు. మన రంగు చర్మం మీద మచ్చ కొన్ని నెలలు నల్లగా నిలుస్తుంది, చెవి వెనక గట్టిగా ఉబ్బే ప్రమాదం కూడా తెల్లవాళ్ల కంటే ఎక్కువ. టీకా వేసిన చోటో, చెవులు కుట్టిన చోటో కీలాయిడ్, అంటే గాయాన్ని దాటి గట్టిగా ఉబ్బి పెరిగే మచ్చ, వచ్చి ఉంటే అది మొదటి రోజే చూపించండి. గాటు ఎక్కడ అన్నది పద్ధతి ఎంత ముఖ్యమో అంత ముఖ్యం. సింహాచలంలోనో తిరుపతిలోనో తలనీలాలు ఇచ్చే మొక్కున్నవాళ్లు ఆ సంగతి చెప్పాలి. జుట్టు లోపల దాచిన మచ్చ గుండు చేయిస్తే కణత మీద గీతలా బయటపడుతుంది. జడ బిగించి ముడి వేసుకునే అలవాటుంటే మెడ వెనక గాటు ఎంత పైన ఉండాలో మాట్లాడాలి. మగవాళ్లకైతే గడ్డం పెరిగే చర్మం వెనక్కి జరుగుతుంది. ఒక్కోసారి చెవి రంధ్రం ముందుండే బుడిపె మీద, చెవి వెనక కూడా రేజర్ పెట్టాల్సి వస్తుంది. శ్రీకాకుళం నుంచి వచ్చిన మా బంధువొకాయనకి ఇది ముందు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ప్రతి పొద్దున తిట్టుకుంటూ గీసుకుంటాడు.

చెవి తమ్మె, దాని చుట్టూ కొన్ని నెలలు మొద్దుబారి ఉంటుంది. మెడ పక్క నుంచి చెవికి వెళ్లే నరం ఫేస్‌లిఫ్ట్‌లో అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతినే నరం. కమ్మ శీల బిగిస్తుంటే గుచ్చుకున్నా తెలియదు, అద్దంలో చూసి పెట్టుకోవాలి. కుట్ల మీద పసుపు, కొబ్బరినూనె, నాటు ఆకులు ఏవీ రాయకండి. ఎవరు చెప్పినా సరే, అత్తగారు చెప్పినా సరే.

డబ్బు సంగతి. అందం కోసం చేసే సర్జరీకి ఆరోగ్య బీమా వర్తించదు, ప్రభుత్వ ఆరోగ్య పథకం వర్తించదు, పైగా బిల్లు మీద జీఎస్టీ పడుతుంది. ప్రమాదంలోనో కాలిన గాయంలోనో పాడైన మొహాన్ని బాగుచేయడం వేరు, దానికి నిబంధనలు వేరు. చెప్పిన అంకెలో మత్తు డాక్టర్ ఫీజు, గది, రాత్రి బస, మళ్లీ థియేటర్‌కి వెళ్లాల్సొస్తే ఆ ఖర్చు ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకోండి. హెమటోమా వస్తే ఆ రెండో ఆపరేషన్ ఖర్చు ఎవరిదన్నది ముందు అడిగినవాళ్లు నా ఇరవై రెండేళ్లలో పట్టుమని పదిమంది లేరు.

డాక్టర్ దగ్గర అడగాల్సింది “ఏ లిఫ్ట్ చేస్తారు” అని కాదు. “ఏ పొర కదిలిస్తారు, లిగమెంట్లు విప్పుతారా, ఎటు వైపు లాగుతారు, మెడ ముందు నుంచి తెరుస్తారా, చర్మం ఎంత దూరం విడదీస్తారు” అని అడగండి. ఎంసీహెచ్‌గానీ డీఎన్‌బీ (ఇప్పుడు డీఆర్‌ఎన్‌బీ) గానీ డిగ్రీ ప్లాస్టిక్ సర్జరీలో ఉందా, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో పేరుందా చూడండి. ఈ ప్రశ్నలకి బొమ్మ గీసి చెప్పే డాక్టర్లున్నారు. విసుక్కునేవాళ్లూ ఉన్నారు, అదీ ఒక జవాబే. చేసిన కేసుల ఫొటోలు చూపిస్తే ముందుది, తర్వాతది ఒకే వెలుగులో, ఒకే కోణంలో, నవ్వకుండా తీసినవేనా గమనించండి. నెల తర్వాత తీసిన ఫొటోలో వాపే సగం యవ్వనం. ఏడాది తర్వాతది అడగండి.

మన దగ్గరున్న ఫొటో కూడా ఒకటి తీసుకెళ్లాలి, ముప్పై, ముప్పై అయిదేళ్ల వయసుది, మేకప్ లేనిది. నేను తోటికోడలికి చెప్పింది అదే. సిరిమాను వెళ్లిపోయాక ఇంటికెళ్లి పాత ఆల్బమ్ తీసింది. తన తమ్ముడి పెళ్లిలో తీసిన ఫొటో ఒకటుంది, అప్పటికి తనకి ముప్పై మూడు. చూస్తే ఆ దవడ వెడల్పు అప్పుడూ అంతే! మొహం జారిందని తను అనుకుంటున్నది సగం పుట్టుకతో వచ్చిన పోలిక, వాళ్ల నాన్నగారి పోలిక. నిజంగా మారింది మెడ, దాంతో పాటు పాతికేళ్లు బరువు కమ్మలు పెట్టి చిరిగిపోయే దాకా సాగిన చెవి తమ్మెలు.

“అంటే మెడ ఒక్కటే చాలంటావా అక్కా?” అంది. చాలని నా ఉద్దేశం, డాక్టర్ చూసి చెప్పాలి అన్నాను. తర్వాతి వారం విశాఖ వెళ్లి చూపించుకుంది. గడ్డం కింద గాటుతో మెడ, అంతే అన్నారట. కానీ కూతురి పెళ్లి మాఘంలో ఉంది. ఆపరేషన్ చేయించుకుంటే రెండు వారాలకి బజారుకి వెళ్లొచ్చు గానీ లోపలి గట్టిదనం, మొద్దు తగ్గడానికి మూడు నెలలు, మచ్చ రంగు కలవడానికి ఇంకా ఎక్కువ పడుతుంది. పెళ్లి ఫొటోల్లో ఆ టెన్షన్ ఎందుకంది. చెవి తమ్మెలు మాత్రం ఆ నెలలోనే కుట్టించేసుకుంది, మత్తు సూదితో అరగంట పని. మానాక మళ్లీ చెవులు కుట్టించి కమ్మలు పెట్టడానికి పెళ్లి నాటికి సరిగ్గా సమయం సరిపోతుంది. మెడ సంగతి ఉగాది వెళ్లాక చూస్తుందట.